కోట వెనక తీరం

జనవరి 9

ప్రియమైన పిచ్చుకకి,

ఎలా ఉన్నావు? మరిదిగారి నడుం నొప్పి తగ్గిందా? మళ్ళీ బీరువాలు జరపొద్దన్నానని చెప్పు.

సంగతేమిటంటే, నాన్న పళ్ళు విరిగాయి. కంగారు పడకు, కట్టుడు పళ్ళే. మొన్న పొద్దున పెరట్లో కుళాయి దగ్గర కడుక్కుంటూ చెయ్యి జార్చాడు. పై సెట్టు సరిగ్గా మధ్యకి రెండు చెక్కలైంది. ఆ రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని నా దగ్గరకొచ్చి, "అదే ఇంజనైతే నేనే బాగుచేసుకునేవాణ్ణి" అన్నాడు. అన్నట్టు నాకు వినపడింది, అంతే. పళ్ళు లేకపోయేసరికి ఆయన మాటలో సగం గాలే. పోస్టాఫీసుకి వచ్చినవాళ్ళు "సరంగు గారు ఏమంటున్నారమ్మా?" అని నన్నడుగుతున్నారు. లాంచీ దిగి ఇన్నేళ్ళైనా ఊరికి ఆయనింకా సరంగే. ముద్రలు కొట్టుకోవడం, స్టాంపులు అమ్ముకోవడం చాలదన్నట్టు నాకిప్పుడు ఈ దుబాసీ ఉద్యోగం కూడా వచ్చిపడింది.

బస్సులో రెండు గంటలు వెళితే పళ్ళ డాక్టరున్నాడు. తీసుకెళ్తానంటే ససేమిరా అన్నాడు. "మన ఇంట్లో పళ్ళు చేసే మనిషి ఉండగా, పరాయివాళ్ళ చేత నోట్లో వేలు పెట్టించుకోవాలా?" అని ఎదురు ప్రశ్న. కోట చూడటానికి వచ్చే ముక్కూ మొహం తెలియని వాళ్ళక్కూడా, మా చిన్నమ్మాయి పట్నంలో పళ్ళు చేస్తుందండీ అని చెప్తాడు. నువ్వు ఆయనతో మాట్లాడవని వాళ్ళకేం తెలుసు.

ఒక్కసారి వచ్చి నోటి అచ్చు తీసుకుని వెళ్ళవే. నువ్వు ఈ ఊరు వదిలి ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఏడాదికోసారి నేనే నీ దగ్గరకి వస్తున్నాను. ఒక్కసారి నువ్వు రా.

ఇంకో మాట. రాయాలా వద్దా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. కోట వెనక తీరానికి ఒకసారి వెళ్ళాలంటున్నాడు. మోకాళ్ళు ఈ ఏడాది వరకే అన్నట్టున్నాయి, వచ్చే ఏడాది వాగు దాటలేనేమో అన్నాడు. "పిచ్చుక వస్తే తీసుకెళ్తుందేమో" అని కూడా అన్నాడు. నేను వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయాను.

నీ జవాబు సంచిలో ఉందేమోనని రోజూ ముందు నేనే వెతికే,
అక్క


జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ పగలబడి నవ్వాను. చివరి పేరా చదివి, మడిచి, డ్రాయర్లో పడేశాను. వారం తర్వాత ఇవాళ మళ్ళీ తీశాను.

నా సంగతి నీకు తెలుసు. ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల నాది. పొద్దున్నే అచ్చులు వస్తాయి. మైనం మీద ఒక్కో పన్నూ పేర్చుకుంటూ కూర్చుంటాను. మనుషుల్ని చూడను, వాళ్ళ దవడలే నాకు తెలుసు. ఎవరు కోపిష్టో, ఎవరు నిద్రలో పళ్ళు కొరుకుతారో అచ్చు చూసి చెప్పేస్తానని ఇక్కడ నాకు పేరు. ఈ పనిలో నాకు నచ్చేదే అది. ఎదుటి మనిషి ముఖం చూడక్కర్లేదు. ఇప్పుడు నువ్వు చూడమంటున్నావు.

నువ్వు పెద్దదానివి, నీకన్నీ బాగా గుర్తుండి ఉంటాయి. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. గుర్తున్నవి కొన్నే, కానీ ఒక్కటీ చెదరలేదు. ఆదివారం. ఆయన మన ముగ్గుర్నీ పడవలో ఎక్కించుకుని ఆ తీరానికి తీసుకెళ్ళాడు. అమ్మ ఇంట్లో ఉంది. మనిద్దరం బండ నీడన పడుకున్నాం. తమ్ముడు, బుడ్డోడు, ఆయన దగ్గరున్నాడు. ఆరేళ్ళ పిల్లాణ్ణి నీళ్ళ పక్కన పెట్టుకుని ఆయన నిద్రపోయాడు. పోలీసులకీ ఆయనే చెప్పాడు, అమ్మకీ ఆయనే చెప్పాడు. "నిద్రపట్టేసింది" అన్నాడు. ఇంతే మాట. దానికి ముందూ వెనకా ఏమీ లేదు.

అమ్మ నన్ను తీసుకుని పెద్దమ్మ ఇంటికి వచ్చేసింది. తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది గానీ ఆయన పేరు ఎత్తలేదు. పోయేముందు కూడా "ఆ మనిషిని గుమ్మం దాటనివ్వకండి" అంది. మేం వచ్చేసినప్పుడు పదిహేనేళ్ళ పిల్లవి, నువ్వు మాత్రం నాన్న దగ్గరే ఉంటానని మొండికేశావు. అందరూ నీది ఎంత పెద్ద మనసన్నారు. నేనూ అదే అంటాను. నాకు లేదక్కా అంత మనసు.

అయినా వస్తాను. పళ్ళ కోసం వస్తాను. ముందే చెప్తున్నాను, ఆయన కోసం కాదు. ముద్ద నమలలేని ముసలాణ్ణి ఊహించుకుంటే నాకు నా బల్ల దగ్గర కూర్చోబుద్ధి కావడం లేదు. ఫిబ్రవరి రెండో వారంలో వచ్చి రెండు రోజులే ఉంటాను. తీరం మాట ఎత్తొద్దని చెప్పు.

పిచ్చుక


జనవరి 28

ప్రియమైన పిచ్చుకకి,

నువ్వు వస్తున్నావని చెప్పగానే ఆయనేం చేశాడో తెలుసా? గడ్డం గీసుకున్నాడు. నువ్వొచ్చేది పన్నెండు రోజుల తర్వాత నాన్నా అంటే, "అలవాటు కావాలిగా" అన్నాడు. ఇంటి ముందు తలుపు కిర్రుమంటుందని నూనె వేశాడు. మంచం కోళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయని ఒక చెక్క చెక్కి కింద పెట్టాడు. ఆయన లాంచీ నడపడం మానేసి ముప్ఫై ఏళ్ళు దాటింది, చేతులు మాత్రం ఊరుకోవు.

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. ఆ తర్వాత లాంచీ కంపెనీవాళ్ళు ఆయన్ని తీసెయ్యలేదు. జనమే ఎక్కడం మానేశారు. పిల్లాణ్ణి పక్కన పెట్టుకుని నిద్రపోయిన సరంగు లాంచీ నడిపితే ఎవరెక్కుతారన్నారు. ఆయనే చుక్కాని అప్పజెప్పి, షెడ్డులో ఇంజన్లు విప్పే పనికి చేరాడు. అదే కంపెనీ, అదే రేవు. తను నడిపిన లాంచీ వేరేవాళ్ళు నడుపుకుంటూ వెళ్తుంటే షెడ్డులోంచి చూస్తూ ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఎవరితోనూ పల్లెత్తు మాట అనలేదు.

తీరం మాట ఎత్తొద్దని చెప్పాను. సరేనన్నాడు. కానీ నువ్వే ఆలోచించు. ఇంకెప్పుడు వెళ్తాడు? నీతోనే వెళ్ళాలంటాడు. నేను తీసుకెళ్ళలేను. ఇంటి నుంచి గంట నడకే, అయినా ఆ రోజు తర్వాత నేను కోట వెనక గోడ దాటలేదు. నవ్వుకుంటావేమో, ఉత్తరాలు పంచే అతను సెలవు పెడితే ఊరంతా నేనే తిరుగుతాను గానీ ఆ వైపున్న నాలుగిళ్ళకి మాత్రం పక్కింటివాళ్ళ చేత పంపిస్తాను.

నువ్వొచ్చే రెండు రోజులూ మా ఆఫీసులో తనిఖీ ఉంది. కదలడానికి వీలుపడదు. ఏమీ అనుకోకు.

అక్క


ఫిబ్రవరి 15

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరాను. బస్సులో నా ఒళ్ళో అచ్చుల డబ్బా చూసి పక్కావిడ "స్వీట్లా అమ్మా?" అని అడిగింది. మా నాన్న దవడలండీ అన్నాను. ఆవిడ తర్వాతి స్టాపులో సీటు మారింది.

నువ్వు ఆ రెండు రోజులూ తనిఖీ తనిఖీ అంటూ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చావు. నీతో కూర్చుని మాట్లాడిందే లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అచ్చు తియ్యడం దగ్గర మొదలుపెడతాను. కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ముట్టుకోని మనిషి. నోరు తెరవండి అన్నాను. అవునే, "అండి" అన్నాను, పేషెంటుతో అన్నట్టు. ఆయన బుద్ధిగా తెరిచాడు. పై చిగురంతా అరిగిపోయి, నున్నగా, పసిపిల్లల నోరులా ఉంది. అచ్చు గట్టిపడేదాకా మూడు నిమిషాలు నా వేళ్ళు లోపలే పెట్టి పట్టుకోవాలి. ఆ మూడు నిమిషాలూ ఆయన నా మొహం వంక చూస్తూనే ఉన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. నొప్పిగా ఉందా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. బయటికి తీశాక మొదటి మాట ఏమన్నాడో తెలుసా? "నీ వేళ్ళు అచ్చం మీ అమ్మవే."

దాంతో నా పట్టుదల నీరుగారిపోయింది. మర్నాడు పొద్దున, వాగులో నీళ్ళు దిగే ఆటు ఎన్నింటికి నాన్నా అని నేనే అడిగాను. వెంటనే చొక్కా వేసుకోవడానికి లోపలికి పరిగెత్తాడు. ఆ మోకాళ్ళతో పరుగే.

కోట బురుజుల మీద ఫొటోలు తీసుకుంటున్న జనాన్ని దాటుకుని, పాత సుంకం ఇంటి వెనకనుంచి గోడ కూలిన చోటికి వెళ్ళాం. అక్కడినుంచి మనిషి అలికిడి లేదు. ముళ్ళ పొదల మధ్య మేకలు నడిచినంత దారి. వాగు దగ్గర ఆయన నా భుజం పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే ఆసరాకనుకున్నాను. కాదు, నన్ను నడిపించడానికి. కాలి బొటనవేలితో తడిమి, "ఇక్కడ ఇసుక, వెయ్యి అడుగు. అటు బురద, వద్దు" అంటూ మోకాలి లోతు నీళ్ళల్లోంచి దాటించాడు. షెడ్డులో కూర్చున్న మనిషి కాదక్కా. సరంగు.

మిట్ట ఎక్కాం. కింద తీరం.

నా కలల్లో అది నల్లగా ఉండేది. నీళ్ళు నల్లగా, బండ నల్లగా. అలాంటిదేం లేదు. వంకీ తిరిగిన తెల్లటి ఇసుక, దాని మీద ఒక్క అడుగు ముద్ర లేదు. నీళ్ళు ఒడ్డున గాజులా ఉండి, లోపలికి వెళ్ళేకొద్దీ ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం. ఎర్ర పీతలు వందలకొద్దీ మమ్మల్ని చూసి ఒక్కసారిగా బొరియల్లో దూరాయి. కొట్టు లేదు, కాగితం ముక్క లేదు, గాలి తప్ప చప్పుడు లేదు. అంత అందంగా ఉందని నాకు కోపమొచ్చింది. ఇంత జరిగాక కూడా అలా ఉండటానికి దానికి సిగ్గు లేదా అనిపించింది.

బండ పక్కన కూర్చున్నాం. నేనే అడిగాను. "ఎలా నిద్రపట్టింది నాన్నా? వాణ్ణి పక్కన పెట్టుకుని ఎలా పట్టింది?"

ఆయన ఇసుకలో వేలితో గీతలు గీస్తూ ఉండిపోయాడు. చివరికి, "పట్టింది తల్లీ. తప్పయిపోయింది. నిద్రపోయినందుకు నన్ను క్షమించు" అన్నాడు. పళ్ళు లేని నోటితో ఆ మాటలు సరిగ్గా పలకలేక రెండుసార్లు అన్నాడు. రెండోసారి నేను వినలేకపోయాను.

"ఎప్పుడో క్షమించేశాను నాన్నా" అన్నాను. నోట్లోంచి వచ్చేటప్పుడు అది అబద్ధమే. చివరి అక్షరం దగ్గరికొచ్చేసరికి నిజమైపోయింది. ఆయన నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు. నేను ఆయన నెత్తి నిమురుతూ కూర్చున్నాను. అంత పలచబడిపోయిందేమిటక్కా ఆ జుట్టు.

ఇన్నేళ్ళూ ఈ బరువు నేనెందుకు మోశానో నాకే తెలియడం లేదు. అమ్మ బతికి ఉంటే అమ్మని కూడా తీసుకెళ్ళేదాన్ని. నువ్వు ఆయన్ని మొదటి రోజే క్షమించావు. నాకు ఇంతకాలం పట్టింది. నీకు దణ్ణం పెట్టాలి.

పళ్ళు పది రోజుల్లో పంపుతాను. ఇంతవరకూ ఇంత శ్రద్ధగా ఏ సెట్టూ చెయ్యలేదు.

ఒళ్ళు తేలికైన,
పిచ్చుక


మార్చి 18

అక్కా,

పార్సిల్ అందిందా? పోస్టాఫీసు మనిషివి, నువ్వే జవాబు రాయకపోతే ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి? నాన్నకి పళ్ళు పట్టాయా? ఎక్కడైనా గీసుకుంటుంటే చెప్పు, అరగదీసి పంపిస్తాను. నా ఉత్తరంలో నిన్ను నొప్పించే మాట ఏదైనా రాశానా? నెల దాటింది.

పిచ్చుక


మార్చి 24

ప్రియమైన పిచ్చుకకి,

నొప్పించే మాట ఏమీ రాయలేదు. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. పళ్ళు అతికినట్టు సరిపోయాయి. అద్దం ముందు నిలబడి నవ్వి చూసుకున్నాడు. ఊరంతా తిరిగి చూపించి వచ్చాడు. నీ ఉత్తరం నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు. ఇప్పుడది ఆయన చొక్కా జేబులోనే ఉంటోంది.

తర్వాత వివరంగా రాస్తాను.

అక్క


మే 2

పిచ్చుకా,

ప్రియమైన అని రాసే హక్కు నాకుందో లేదో ఇది చదివాక నువ్వే చెప్పాలి.

నాన్నని సాగనంపి పద్దెనిమిది రోజులైంది. నువ్వు ఇక్కడున్న నాలుగు రోజులూ చెప్పాలనే చూశాను. నీ మొహం చూసి ఆగిపోయేదాన్ని. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. అన్నం తిని కుర్చీలో ఒరిగాడు, నిద్రలోనే పోయాడు, అదృష్టవంతుడు అని. ప్రతివాళ్ళూ నిద్ర నిద్ర అంటుంటే నేను చెవులు మూసుకోలేక వంటింట్లోకి వెళ్ళేదాన్ని. నువ్వు నా వెనకే వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చావు. "నువ్వే లేకపోతే ఆయన ఏమైపోయేవాడే" అన్నావు.

నాన్న ఆ రోజు నిద్రపోలేదు.

నువ్వు బండ నీడన పడుకున్నావు. ఆటు మొదలైంది, పడవ ఇసుకలో దిగబడిపోతే రాత్రిదాకా కదలదని, దాన్ని వాగు మూతి దగ్గర లోతు నీళ్ళల్లోకి మళ్ళించడానికి వెళ్ళాడు. వెళ్తూ నాతో అన్నాడు. "తమ్ముణ్ణి చూస్తుండు, వాణ్ణి వదిలి కదలకు." సరే అన్నాను. ఆయన అటు తిరిగాడు. బండ అవతల ఒక ఊట ఉంది, మంచినీళ్ళు. మర్నాడు మా బళ్ళో క్లాసు ఫొటో. ఉప్పునీళ్ళకి నా జుట్టు కొబ్బరి పీచులా అయిపోయింది. ఒక్క నిమిషం కడుక్కుని వచ్చేద్దామనుకున్నాను. ఇక్కడే కూర్చో, పీతల్ని లెక్కపెట్టు, ఇప్పుడే వస్తానని బుడ్డోడితో చెప్పాను. వాడు తల ఊపాడు.

ఒక్క నిమిషం కాదు. చల్లగా ఉన్నాయి నీళ్ళు. హాయిగా ఉంది. జడ విప్పి, కడుక్కుని, వేళ్ళతో చిక్కు తీసుకుని, పాట పాడుకుంటూ వచ్చాను. వచ్చేసరికి నాన్న నీళ్ళల్లోంచి వాణ్ణి ఎత్తుకొస్తున్నాడు.

ఆయన చెయ్యగలిగిందంతా చేశాడు. బోర్లా వేశాడు, నోట్లో ఊదాడు, పేరు పెట్టి పిలిచాడు. నువ్వు లేచి కూర్చుని అరుస్తున్నావు. ఇక లాభం లేదని తెలిశాక తలెత్తి నన్ను చూశాడు. నా జుట్టు చూశాడు. నీళ్ళు కారుతున్నాయి. ఆయనకి అర్థమైంది. లేచి నా దగ్గరకొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. తన భుజం మీద తుండు తీసి నా తల తుడిచాడు, పిచ్చుకా. కొడుకు ఇసుకలో పడుకుని ఉన్నాడు, ఆయన నా తల తుడుస్తున్నాడు. తుడుస్తూ నా చెవిలో చెప్పాడు. "నువ్వు చెల్లెలి పక్కన పడుకుని ఉన్నావు. వాడు నా దగ్గరున్నాడు. నాకు నిద్రపట్టేసింది. ఎవరడిగినా ఇంతే. నాకు మాటివ్వు." ఇచ్చాను.

నేను నాన్న దగ్గర ఉండిపోయింది పెద్ద మనసుతో కాదు. అమ్మ మొహం చూసే ధైర్యం లేక. అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని "ఆ మనిషిని ఎలా భరిస్తున్నావే" అంది. అప్పుడైనా నోరు తెరవలేదు. ఆమె ఆయన్ని అసహ్యించుకుంటూనే పోయింది.

నీ ఫిబ్రవరి ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. చెయ్యని తప్పుకి నీ పక్కన కూర్చుని క్షమించమన్నాడని నాకు అప్పుడే తెలిసింది. నేను ఇవాళే రాసేస్తాను నాన్నా, దానికి నిజం చెప్పేస్తానన్నాను. నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏమని రాస్తావు? దాని చెయ్యి నా నెత్తి మీద పడింది. ఏ పేరుతో పడితేనేం. ఇప్పుడు అది నిన్ను వదిలేస్తే నేను చూడలేను. నేను బతికున్నన్నాళ్ళూ చెప్పకు" అన్నాడు. అందుకే నీకు రాయలేకపోయాను. నిజం రాయకూడదు, అబద్ధం రాయడానికి చెయ్యి రాదు.

ఇప్పుడు ఆయన లేడు. మాట చెల్లిపోయింది. నన్ను క్షమించమని అడగను. ఆయన్ని నువ్వు అనుకున్నట్టు కాకుండా, ఉన్నవాడు ఉన్నట్టు తలుచుకోవాలని రాశాను.

అక్క


ఆగస్టు 11

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పని మధ్యలో చదివాను. చేతిలో ఉన్న మైనం కరిగి ఒళ్ళో కారింది. అది కూడా తెలియలేదు. మీ మరిది వచ్చి తీసుకెళ్ళాడు. నీకు ఇక జన్మలో రాయకూడదనుకున్నాను. మూడు నెలలు అలాగే ఉన్నాను.

నాకు నీ మీద ఎందుకు కోపమో ముందు చెప్తాను. జుట్టు కడుక్కోవడానికి వెళ్ళినందుకు కాదు. పదిహేనేళ్ళ పిల్ల, ఎవరైనా వెళ్తారు. ఆయన బతికుండగా నాకు చెప్పనందుకు. నేను ఆ తీరంలో ఆయన తల నిమురుతూ, క్షమించేశానని ముష్టి వేసినట్టు వేశాను. ఆయన రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. ఆయన కాళ్ళు పట్టుకోవాల్సినదాన్ని నేను. ఇప్పుడు ఎవరి కాళ్ళు పట్టుకోను? అది నువ్వు నాకు లేకుండా చేశావు. ఆయన వద్దన్నా సరే, చెప్పి ఉండాల్సింది.

నిన్ను క్షమించానని రాయడం లేదు. ఆ మాట ఒకసారి తప్పు మనిషికి ఇచ్చేశాను. మళ్ళీ వాడాలంటే భయంగా ఉంది.

అయితే ఈ మూడు నెలలూ నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటుంది. ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. నేను ఆ రోజు నిద్రపోలేదక్కా.

కళ్ళు మూసుకుని పడుకున్నానంతే. పొద్దుటినుంచీ వాడితో ఆడి ఆడి విసిగిపోయాను. వాడు వచ్చి నా భుజం పట్టుకుని ఊపాడు. "లే, లే, పెద్ద పీత వచ్చింది, నీళ్ళల్లోకి పోతోంది, రా" అన్నాడు. నేను కళ్ళు ఇంకా గట్టిగా బిగించి నిద్ర నటించాను. రెండుసార్లు పిలిచాడు. నా రెప్ప ఎత్తి చూశాడు కూడా, తడి వేలితో. నేను కదల్లేదు. వెళ్ళిపోయాడు. నువ్వు నా పక్కనే, నాన్న నీళ్ళ దగ్గరే ఉన్నారనుకున్నాను. ఒక్కసారి కళ్ళు తెరిచి ఉంటే మీరిద్దరూ లేరని తెలిసేది.

నిద్రపోయాను అని నాన్న అన్నప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో నువ్వు ఊహించలేవు. తప్పు ఎవరిదో తెలిసిపోయింది, నన్ను ఎవరూ అడగరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన్ని ఎంత గట్టిగా ద్వేషించానో అంత గట్టిగా నా కళ్ళు మూసుకునే ఉన్నానని ఇప్పుడు తెలుస్తోంది. నువ్వు ఒక తలుపు వెనక, నేను ఇంకో తలుపు వెనక. బయట వానలో నిలబడింది ఆయనొక్కడే.

ఆ రోజు తీరం నుంచి తిరిగొస్తూ నాన్న అన్న మాట నీకు రాయలేదు. నాకు అప్పుడు అర్థం కాలేదు, ముసలాయన చాదస్తం అనుకున్నాను. మిట్ట మీద ఆగి, వెనక్కి తిరిగి, చాలాసేపు చూశాడు. "మీ అక్కని ఒకసారి ఇక్కడికి తీసుకురావే. ఈ చోటు ఎంత బాగుంటుందో అది మర్చిపోయింది. చిన్నప్పుడు ఇంటికి రానని ఏడ్చేది" అన్నాడు. నాకోసం కాదక్కా ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. తనకోసం కూడా కాదు.

వెంటనే రాలేను. కోపం ఇంకా ఉంది, నిన్ను చూస్తే ఏమంటానో తెలియదు. అన్నవన్నీ నువ్వు పడాలి, నేను రాసింది విని నువ్వు ఏమన్నా నేనూ పడతాను. వానలు వెనకబట్టి వాగు తగ్గాక వస్తాను. ఇద్దరం వెళ్దాం. నేను వచ్చేదాకా, నీ మనసు ఎంత లాగినా, ఒక్కదానివీ అటు వెళ్ళకు.

నీ చెల్లెలు